బుజ్జమ్మకి, ఎక్స్ స్క్వేర్ లెక్కల గురించి

బుజ్జమ్మా,

ఎక్స్ స్క్వేర్ లెక్కల ఫార్ములా కంఠతా వచ్చేసింది తాతయ్యా, లెక్క మాత్రం తేలట్లేదు అని మొన్న ఫోన్లో ఏడుపు గొంతుతో అన్నావు కదా, అప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. ఆ ఫార్ములాని కొన్నాళ్ళు పక్కనెట్టు తల్లీ, ముందు అది ఎక్కణ్ణుంచొచ్చిందో చూద్దాం.

మన అంబాజీపేట తోటలో 91 కొబ్బరి మొక్కలు వెయ్యాలనుకో, ఎన్ని వరసలుంటే అంతకంటే 6 ఎక్కువ మొక్కలు ఒక్కో వరసలో. వరసలు ఎక్స్ అయితే ఎక్స్ స్క్వేర్ ప్లస్ 6ఎక్స్ ఈక్వల్స్ 91. ఇప్పుడు కాయితం మీద చుక్కలెట్టు. ఎక్స్ వరసల్లో ఎక్స్ మొక్కలు, అదో నలుచదరం. దాని పక్కన మిగిలిన 6 నిలువు వరసలున్నాయే, వాటిలో 3 తీసి కింద అడ్డంగా వేస్తే ఇంకా పెద్ద నలుచదరం అవ్వబోయి ఒక్క మూల దగ్గర ఆగుద్ది, అక్కడ 3 ఇంటూ 3, 9 మొక్కల చోటు ఖాళీ. ఆ 9 వేసెయ్, రెండో వైపూ కలపాలి మర్చిపోకు. 91కి 9 కలిస్తే 100, అంటే ఎక్స్ ప్లస్ 3 హోల్ స్క్వేర్ 100, కాబట్టి ఎక్స్ ప్లస్ 3 అనేది 10 గానీ మైనస్ 10 గానీ. ఎక్స్ 7, లేదా మైనస్ 13. తోటలో మైనస్ వరసలుండవు, 7 వరసలు, వరసకి 13. ఉత్తి సమీకరణం ఇచ్చి మూలాలు కనుక్కోమంటే మాత్రం రెండూ రాయాలి.

ఎక్స్ స్క్వేర్ ముందు అంకె ఉంటే భిన్నాలొచ్చి చిరాకు కదా, దానికి మన పాతకాలం లెక్కల పండితుడు శ్రీధరాచార్యుడు ఎప్పుడో దారి చూపించాడు, 1150 నాటి భాస్కరాచార్యుడు తన బీజగణితం పుస్తకంలో ఆయన పేరు చెప్పి మరీ రాశాడు. 2ఎక్స్ స్క్వేర్ ప్లస్ 5ఎక్స్ ఈక్వల్స్ 3 తీసుకో. మొదటి అంకెకి 4 రెట్లు, అంటే 8తో అంతా గుణించు, 16ఎక్స్ స్క్వేర్ ప్లస్ 40ఎక్స్ ఈక్వల్స్ 24. మధ్య అంకె 5 కదా, దాని వర్గం 25 రెండు వైపులా కలుపు. 4ఎక్స్ ప్లస్ 5 హోల్ స్క్వేర్ 49 అయిపోయింది చూడు! ఎక్స్ అర, లేదా మైనస్ 3. ఇదే పని ఏఎక్స్ స్క్వేర్ ప్లస్ బీఎక్స్ ప్లస్ సీ ఈక్వల్స్ 0 మీద చేస్తే నీ ఫార్ములానే వస్తది (మన లెక్కలో 3 ఇటు తెస్తే సీ మైనస్ 3), ఒక్కసారి నీ చేత్తో చెయ్యి. 49 ఉన్నచోట వచ్చేదే బీ స్క్వేర్ మైనస్ 4ఏసీ, అది మైనస్ అయితే వాస్తవ మూలాలు లేవని రాసి ఆగిపో.

కారణాంకాలు కంటికి కనిపిస్తే విడగొట్టు, కనిపించకపోతే వాటి కోసం కూర్చోకు. వచ్చిన జవాబుని మళ్ళీ సమీకరణంలో పెట్టి చూస్కో.

ఆదివారం వస్తున్నా, 3ఎక్స్ స్క్వేర్ మైనస్ 7ఎక్స్ ప్లస్ 2 ఈక్వల్స్ 0 శ్రీధరుడి పద్ధతిలో చేసి ఉంచు.

తాతయ్య