గంగమ్మ పేరు తెర మీద విరగకూడదు

ఆటలు రాసేవాళ్ల ఉత్తరాలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఎస్‌డీఎల్ గురించే. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఎస్‌డీఎల్ అంటే సింపుల్ డైరెక్ట్‌మీడియా లేయర్. విండో తెరవడం, బొమ్మ గీయడం, కీ నొక్కితే పట్టుకోవడం, శబ్దం వినిపించడం లాంటి పనులు చేసిపెట్టే లైబ్రరీ. కోడ్ అంతా బయటే ఉంటుంది, ఎవరైనా చదవచ్చు, వాడచ్చు. 2013 నుంచి అందరం దాని 2వ వెర్షన్‌తోనే అలవాటు పడ్డాం. 2025 జనవరిలో 3.2.0 వచ్చింది, 3 వరసలో మొదటి స్థిరమైన విడుదల అదే. అప్పటి నుంచి తిరుపతిలోని మా కొర్లగుంట ఇంటి మేడ మీద సి అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడానికి వచ్చే పిల్లలూ, మీరూ ఒకే చోట ఇరుక్కుంటున్నారు. అందుకే ఈసారి చోటంతా దానికే.

*

ప్రశ్న: మేడం, నేను బీటెక్ మూడో ఏడాది. ఎస్‌డీఎల్ 2లో వైకుంఠపాళి ఆట రాశాను. కొత్త ల్యాప్‌టాప్‌లో 3 వేసుకుంటే బోలెడు ఎర్రర్లు. ఒక్కొక్కటే సరిచేశాను. ఇప్పుడు ఎర్రర్ ఒక్కటీ లేదు, కానీ ప్రోగ్రాం మొదలవగానే ‘ప్రారంభం కాలేదు’ అని నేను రాసుకున్న మాటే చూపించి ఆగిపోతోంది. కారణం రావాల్సిన చోట ఖాళీగా ఉంది. వైవా దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.
– ఓ విద్యార్థి, తిరుపతి

నాయనా, నీ ఆట ప్రారంభం అవుతోంది. అయినందుకే ఆగిపోతోంది.

2లో లైబ్రరీని మొదలుపెట్టే ఇనిట్ ఫంక్షన్ అంతా బాగుంటే సున్నా ఇచ్చేది, తేడా వస్తే మైనస్ అంకె ఇచ్చేది. అందుకని ‘సున్నా కాకపోతే తప్పు జరిగినట్టు’ అని నువ్వు షరతు రాసుకొని ఉంటావు. అప్పట్లో అది సరైన షరతే. 3లో ఆ ఫంక్షన్ ట్రూ, ఫాల్స్ ఇస్తుంది. బాగుంటే ట్రూ, అంటే 1. ఒకటి సున్నా కాదు కాబట్టి నీ షరతు దాన్ని తప్పు కింద లెక్కేసింది. నిజానికి ఏ తప్పూ జరగలేదు, అందుకే కారణం చెప్పే గెట్ ఎర్రర్ దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. నీకు ఖాళీ కనిపించింది అందుకే. సున్నాతో పోల్చడం తీసేసి, ఇనిట్ ముందు ఆశ్చర్యార్థకం పెట్టు. ‘ఇనిట్ కాకపోతే’ అని అర్థం. ఆట తెరుచుకుంటుంది.

నీ పక్కన కూర్చున్నవాడి కోడ్ కూడా ఒకసారి చూడు. కొందరు ‘సున్నా కంటే తక్కువైతే తప్పు’ అని రాస్తారు. వాళ్ల ఆట 3లో చక్కగా తెరుచుకుంటుంది, కానీ వాళ్ల పరిస్థితే నీకంటే ప్రమాదం. ట్రూ గానీ ఫాల్స్ గానీ సున్నా కంటే ఎప్పుడూ తక్కువ కాదు. నిజంగా తప్పు జరిగిన రోజు ఆ షరతు పట్టుకోదు, ప్రోగ్రాం ఇంకెక్కడో పోయి పడిపోతుంది. నా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయి ఇలాంటి దానికోసం రెండు సాయంత్రాలు వెతికింది. పక్కన కూర్చొని నేనూ వెతికాను. చివరికి చూస్తే ఫాంటు ఫైలు వేరే ఫోల్డర్‌లో ఉంది, ఆ సంగతి చెప్పాల్సిన షరతు నోరు మూసుకొని కూర్చుంది.

పేర్లు మారిన చోట భయం లేదు. రెండర్ కాపీ ఇప్పుడు రెండర్ టెక్స్చర్ అయింది, క్విట్ ముందు ఈవెంట్ అన్న మాట చేరింది, కీ సంగతి చెప్పే కీసిమ్ పోయింది. వీటన్నిటినీ కోడ్‌ను ప్రోగ్రాంగా మార్చే కంపైలరే వేలు పెట్టి చూపిస్తుంది. పేరు అలాగే ఉండి అర్థం మారినవాటినే మనం కాచుకోవాలి. లైబ్రరీతో పాటు మైగ్రేషన్ రీడ్‌మీ అని ఒక పెద్ద ఫైలు వస్తుంది, పాత పేర్లను కొత్త పేర్లుగా మార్చే స్క్రిప్టు కూడా వస్తుంది. ముందు స్క్రిప్టు నడుపు. ఆ తర్వాత నీ కోడ్‌లో ఎస్‌డీఎల్‌ను పిలిచి ఫలితం పరీక్షించే ప్రతి ‘ఇఫ్’ దగ్గరా ఆగి, ఆ ఫంక్షన్ ఇప్పుడు ఏం ఇస్తుందో రీడ్‌మీలో చూసుకో.

వైవా మరీ దగ్గరుంటే ఇవన్నీ పెట్టుకోకు, 2లోనే చూపించు. రెండూ ఒకే మెషిన్‌లో పక్కపక్కన ఉండచ్చు, ఒకదానికొకటి అడ్డం రావు. ఒకే ప్రోగ్రాంలో మాత్రం రెండూ కలపకు.

*

ప్రశ్న: మేడం, నేను పలమనేరు దగ్గర ప్రభుత్వ బడిలో పనిచేస్తాను. ఒకటో తరగతి పిల్లల కోసం అక్షరాల ముక్కలు కలిపి పదం చేసే ఆట ఎస్‌డీఎల్ 3లో రాస్తున్నాను. ‘అమ్మ’ అని రాస్తే తెర మీద అ, మ, పక్కన విడిగా ఒక పొల్లు గుర్తు, మళ్లీ మ వస్తున్నాయి. అదే ఫాంటు ఎడిటర్‌లో బాగానే కనిపిస్తుంది. తెలుగు ఆటల్లో రాదా?
– ఓ ఉపాధ్యాయుడు, చిత్తూరు జిల్లా

వస్తుంది సార్. రప్పించాలి. మీ ఉత్తరం చదివి నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను, ఎందుకంటే ఇదే దెబ్బ నాకూ తగిలింది.

మా పిల్లలు నలుగురు కలిసి తాతయ్యగుంట గంగమ్మ జాతర మీద ఒక ఆట రాశారు. బైరాగి వేషంతో మొదలై బండ, తోటి, దొర, మాతంగి అంటూ రోజుకో వేషం మార్చుకుంటూ వీధులు తిరగాలి. బొమ్మలన్నీ వాళ్లే గీశారు, డప్పు శబ్దం నిజం జాతరలోనే ఫోన్‌తో రికార్డు చేసుకొచ్చారు. ఇంట్లోవాళ్లందరినీ పిలిచి మేడ మీద చూపించాం. మొదటి తెర మీద పెద్ద అక్షరాలతో అమ్మవారి పేరు. గ, సున్న, గ, మ, ఊరికే గాల్లో ఒక పొల్లు, మళ్లీ మ. ఒక పిల్లవాడి అవ్వ ముందు వరసలో కూర్చొని ఉంది. “ఏందిరా, అమ్మవారి పేరు ఇట్ల ఇరిగిపోయిందే?” అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తప్పు పిల్లలది కాదు. ఆ మెషిన్‌లో లైబ్రరీ కట్టింది నేను.

ఏం జరుగుతుందో చెబుతాను. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో ‘అమ్మ’ అంటే నాలుగు సంకేతాలు: అ, మ, పొల్లు, మ. వరసగా దాచుకోవడం వరకే యూనికోడ్ పని. రెండో ‘మ’ ఒత్తుగా మారి మొదటి ‘మ’ కిందికి చేరాలని, ‘తి’ రాసేటప్పుడు ‘త’ మీది తలకట్టు పోయి ఆ చోట గుడి రావాలని ఎవరో ఒకరు ఫాంటులోని నియమాలు చదివి చెప్పాలి. ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఇంకో ఓపెన్ సోర్స్ లైబ్రరీ. ఆ పేరు ‘ఓపెన్ టైప్’ అన్న మాటకు పారసీ అనువాదం. ఏ రూపం ఎక్కడ పడాలో హార్ఫ్‌బజ్ చెబుతుంది, ఆ రూపాన్ని ఫ్రీటైప్ గీస్తుంది. ఎస్‌డీఎల్‌లో అక్షరాల పని చూసే ఎస్‌డీఎల్ టీటీఎఫ్ ఈ రెండింటినీ వాడుకుంటుంది. కానీ హార్ఫ్‌బజ్ లేకుండా కూడా టీటీఎఫ్ కట్టుకోవచ్చు, ఇంగ్లీషుకు ఏ తేడా కనిపించదు. అందుకే అది లేదన్న సంగతి చాలామందికి తెలియదు, తెలుగు రాసినప్పుడే బయటపడుతుంది.

కాబట్టి సార్, మొదట మీ టీటీఎఫ్ హార్ఫ్‌బజ్‌తో కట్టిందేనా చూసుకోండి. కోడ్ నుంచి మీరే కట్టుకుంటే, కట్టే పనిముట్టు సీమేక్‌లో ఆ ఆప్షన్ ఆన్‌లో ఉండాలి. తర్వాత ఫాంటు తెరిచాక సెట్ ఫాంట్ స్క్రిప్ట్ అనే ఫంక్షన్‌తో లిపి తెలుగు అని చెప్పండి. లిపికి నాలుగు ఇంగ్లీషు అక్షరాల కోడ్ ఉంటుంది. మనది టి, ఇ, ఎల్, యు. మొదటిది పెద్దక్షరం, మిగతా మూడూ చిన్నవి. ఫాంటు నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ తీసుకోండి, రెండూ స్వేచ్ఛగా వాడుకోవచ్చు. చిన్నపిల్లలకు అలంకారాల ఫాంటు వద్దు, ఒత్తు స్పష్టంగా కనబడాలి.

ఇంకొకటి. 3లో అక్షరాలు గీసే రెండర్ టెక్స్ట్ ఫంక్షన్‌కు పొడవు అని కొత్త విలువ ఇవ్వాలి. అది బైట్ల లెక్క. సంకేతాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన సంకేతం ఒక్కోటి 3 బైట్లు, ‘అమ్మ’ మొత్తం 12 బైట్లు. రెండక్షరాలే కదా అని అక్కడ 2 వేస్తే ‘అ’ కూడా పూర్తిగా రాదు. సున్నా వేయండి, చివరిదాకా అదే చదువుకుంటుంది.

మీ ఆటలో అసలు చిక్కు దీని తర్వాత వస్తుంది, ముందే చెబుతున్నా. పదాన్ని ప్రోగ్రాంతో సంకేతాలుగా విడగొడితే ‘అమ్మ’కు నాలుగు ముక్కలు వస్తాయి, అందులో ఒకటి ఒట్టి పొల్లు. ఒకటో తరగతి బిడ్డ ఆ పొల్లును చేత్తో పట్టుకొని ఎక్కడ పెట్టాలి? మీరు బడిలో ఎలా చెబుతారు? అ, మ్మ. రెండే. ఎద్దు అంటే ఎ, ద్దు. పువ్వు అంటే పు, వ్వు. ఆట కూడా మీరు చెప్పినట్టే విడగొట్టాలి. అందుకని పదాలను ఒక ఫైల్లో మీరే గీతలు పెట్టి రాసుకోండి: అ-మ్మ, ఎ-ద్దు, పు-వ్వు. ప్రోగ్రాం గీత దగ్గర మాత్రమే విడగొట్టాలి. వంద పదాలు రాయడానికి ఒక సాయంత్రం పడుతుంది. ఆ సాయంత్రం ఖర్చు పెట్టండి సార్. తెలుగు పిల్లలు తొలిసారి కంప్యూటర్‌లో చూసే తెలుగు సరిగ్గా ఉండాలని నాకు చాలా పట్టుదల.

మా జాతర ఆటలో ఆ పేరు మరుసటి వారమే సరిచేశాం. అవ్వను మళ్లీ పిలిచి చూపించాం.

*

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ మొదటి ఏడాది. రాత్రిళ్లు ఆటలంటూ కూర్చుంటాడు. ఆడటం లేదమ్మా, రాస్తున్నా అంటాడు. ఆ లైబ్రరీ ఏదో ఊరికే ఇస్తారట. ఊరికే వచ్చేదాన్ని నమ్ముకుంటే రేపు వాళ్లు ఆపేస్తే ఏం కాను? ఉద్యోగం వస్తుందా?
– ఓ తల్లి, చిత్తూరు

అమ్మా, ఈ రాత్రి వాడి పక్కన పది నిమిషాలు కూర్చోండి. బొమ్మలు పరుగెత్తుతూనే ఉంటే ఆడుతున్నాడు. తెర నిండా అక్షరాలుండి, మధ్యమధ్యలో ఒక్క క్షణం బొమ్మ కనబడి పోతుంటే నిజంగానే రాస్తున్నాడు.

ఆపేస్తే ఏమవుతుందన్నారు కదా. ఎస్‌డీఎల్‌ను 1998లో సామ్ లాంటింగా అనే ఆయన మొదలుపెట్టారు. ఆ తర్వాత ఆయన పనిచేసిన లోకి సాఫ్ట్‌వేర్, విండోస్ ఆటలను లినక్స్‌కు తెచ్చే కంపెనీ. ఆ కంపెనీ 2002లో మూతపడింది. లైబ్రరీ మూతపడలేదు, ఎందుకంటే కోడ్ అందరి దగ్గరా ఉంది. తర్వాత ఆయన కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ దుకాణాన్ని నడిపే వాల్వ్ కంపెనీకి వెళ్లారు, ఆ కంపెనీ ఆటల్లోనూ ఇదే వాడారు. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ అయితే కంపెనీతో పాటే పోయి ఉండేదేమో.

ఉద్యోగం సంగతి నిజం చెబుతాను. ‘నాకు ఎస్‌డీఎల్ వచ్చు’ అన్నంత మాత్రాన ఎవరూ పిలవరు. కానీ ఇది రాయాలంటే సి బాగా రావాలి, మెమరీ ఎక్కడ తీసుకొని ఎక్కడ వదలాలో తెలియాలి, వేరేవాళ్లు రాసిన వేల లైన్ల కోడ్ చదివి అర్థం చేసుకోవాలి. ఆ మూడూ వచ్చిన పిల్లవాడికి ఆటల కంపెనీయే కానక్కరలేదు. ఒక ఆట మొదలుపెట్టి పూర్తి చేశాడా లేదా, అది అడగండి. సగంలో వదిలేసినవి పది ఉంటే అప్పుడు గట్టిగా మాట్లాడండి. పన్నెండు దాటాక పడుకోమని కూడా చెప్పండి, నిద్ర లేకుండా రాసిన కోడ్ తెల్లారి మళ్లీ రాయాల్సిందే.

*

ప్రశ్న: నా దగ్గర 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉంది, గ్రాఫిక్స్ కార్డు లేదు. ఎస్‌డీఎల్ 3 నడుస్తుందా?
– శ్రీకాళహస్తి నుంచి ఓ పాఠకుడు

నడుస్తుంది. 3లో కొత్తగా చేర్చిన, గ్రాఫిక్స్ చిప్‌తో పని చేయించుకునే జీపీయూ భాగానికి వల్కన్, డైరెక్ట్‌3డీ 12, మెటల్ అనే గ్రాఫిక్స్ వ్యవస్థల్లో ఏదో ఒకటి కావాలి, మీ మెషిన్‌లో దాని జోలికి వెళ్లకండి. బొమ్మలు గీసే మామూలు 2డీ రెండరర్ చాలు. ఏదీ కుదరకపోతే ప్రాసెసర్‌తోనే గీసే సాఫ్ట్‌వేర్ రెండరర్ కూడా అందులోనే ఉంది.

*

ప్రశ్న: దీంతో రాసిన ఆటను అమ్ముకోవచ్చా? ఎవరికైనా కట్టాలా?
– నగరి నుంచి ఓ పాఠకురాలు

అమ్ముకోవచ్చమ్మా, పైసా కట్టక్కరలేదు, మీ కోడ్ బయటపెట్టక్కరలేదు. జీలిబ్ లైసెన్స్ కింద ఇస్తారు. లైబ్రరీ నేనే రాశానని చెప్పుకోకూడదు, అందులో మార్పులు చేస్తే మార్చినట్టు చెప్పాలి, దాని సోర్సు ఎవరికైనా ఇస్తే ఆ నోటీసు తీసేయకూడదు. అంతే. ఫాంట్లకు, బొమ్మలకు, సంగీతానికి మాత్రం వేటి లైసెన్సు వాటికే ఉంటుంది. ఒక్కోటి తెరిచి చదివి, ఏ ఫైలు ఎక్కడి నుంచి తెచ్చారో తేదీతో సహా ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి.