గుండె ఎం.ఆర్.ఐ.కి ఏఐ తోడైతే...

ప్రశ్న: మా నాన్నగారికి గుండె ఎం.ఆర్.ఐ. తీయడానికి గంట పట్టింది. మాటిమాటికీ ఊపిరి బిగపట్టమన్నారు, ఆయన వల్ల కాలేదు. ఏఐ ఉంటే పావుగంటలో అయిపోతుందంటున్నారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. ఈ మెషిన్ కెమెరాలా ఒక్క క్లిక్కుతో బొమ్మ తీయదు. కె-స్పేస్ అనే పట్టికను గీత తరవాత గీతగా నింపుకుని, దాన్నుంచి బొమ్మను లెక్కగడుతుంది. ఒక్కో గీతకు సుమారు 3 మిల్లీసెకన్లు. గుండె ఆగదు కాబట్టి ఒక్క స్పందనలో పట్టిక నిండదు. అందుకే ఈసీజీని చూసుకుంటూ, ప్రతి స్పందనలో ఒక్కో దశకు కొన్ని గీతలు పోగేస్తారు. పట్టికలో 150 గీతలుండి, స్పందనకు 12 చొప్పున కొలిస్తే 13 స్పందనలు కావాలి. నిమిషానికి 60 సార్లు కొట్టుకునే గుండెకు అది 13 సెకన్లు. అంతసేపూ ఊపిరి బిగపట్టాలి. ఇలాంటి అడ్డకోతలు పది పన్నెండు!

గీతలు కొన్ని వదిలేసే ఉపాయం పాతదే. 1999 నాటి సెన్స్, 2002 నాటి గ్రాపా పద్ధతులు రెండు మూడు రెట్ల వేగం ఇచ్చాయి. అంతకు మించితే బొమ్మలో ఇసుక చల్లినట్టు నాయిస్ వచ్చేది. ఏఐతో ఆరో వంతు గీతలు, అంటే 25 కొలిచినా పని జరుగుతుంది. అప్పుడు మూడు స్పందనలు చాలు. మీ నాన్నగారి లాంటివారికి అసలు మేలు ఇదే.

మిగతా సగం సంగతి: ఎలక్ట్రోడ్లు అతికించడం, సంకేతాలు అందుకునే కాయిల్‌ను ఛాతీ మీద అమర్చడం, మధ్యలో ఊపిరి తీసుకోనివ్వడం ఎక్కడికీ పోవు. గుండె కోణాలు సరిచూసుకునే పనిని ఏఐ కొంత తగ్గిస్తుంది. కానీ గడోలినియం అనే, మచ్చను తేటగా చూపించే మందును ఇంజెక్షన్‌గా ఎక్కించాక కండరంలో మచ్చ తేటపడటానికి పది నిమిషాలు ఆగాలి. దాన్ని ఏ కంప్యూటరూ తొందరపెట్టలేదు.

ప్రశ్న: కొలవనిదాన్ని ఏఐ ఊహిస్తే, లేని జబ్బును గీసెయ్యదా?

జవాబు: గీసే వీలుంది. అందుకే మంచి పద్ధతుల్లో ఒక కాపలా ఉంటుంది. నెట్‌వర్క్, అంటే బొమ్మను పూరించే ఏఐ ప్రోగ్రామ్, బొమ్మను శుభ్రం చేసిన ప్రతిసారీ, దాన్ని తిరిగి కె-స్పేస్‌లోకి మార్చి, నిజంగా కొలిచిన గీతలతో పోల్చి సరిదిద్దుతారు. అయినా కొలవని గీతల్లో సందు మిగిలే ఉంటుంది. సన్నని మచ్చ, చిన్న రక్తపు గడ్డ నునుపైపోయి కనబడకుండా పోవచ్చు. మెదడు చిత్రాలతో జరిగిన 2020 ఫాస్ట్ఎంఆర్ఐ పోటీలో, లేని ఆకారాలు పుట్టుకురావడాన్ని రేడియాలజిస్టులు గుర్తించారు. పాత పద్ధతి తప్పితే చారలో, ఇసుకో కనిపించి హెచ్చరించేది. ఏఐ తప్పినా బొమ్మ ముచ్చటగానే ఉంటుంది, చిక్కంతా అక్కడే.

ప్రశ్న: ఎం.ఆర్.ఐ. టెక్నీషియన్‌ని. కొత్త పద్ధతిలో 8 రెట్ల వేగంతో తీస్తే కొందరి ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె గదిలో నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు బయటికి నెట్టే శాతం) తక్కువగా వస్తోంది. ఎందుకు?

జవాబు: ముందు ఈసీజీ ట్రిగ్గర్, అంటే ప్రతి స్పందన మొదలును మెషిన్‌కు తెలిపే సంకేతం చూడండి. ఈసీజీలో స్పందన మొదట్లో వచ్చే నిటారు శిఖరం ఆర్-అల, దాని తరవాత వచ్చేది టి-అల. అయస్కాంతంలో రక్తప్రవాహం వల్ల టి-అల పెరిగి, మెషిన్ దాన్నే ఆర్-అల అనుకోవచ్చు. అది సరిగ్గా ఉంటే, అనుమానించాల్సింది కాలం వెంట జరిగే నునుపుదనాన్ని. నెట్‌వర్క్ పక్క ఫ్రేముల నుంచి సమాచారం అరువు తెచ్చుకుంటుంది. గుండె పూర్తిగా ముడుచుకునే క్షణం చాలా చిన్నది. పక్క ఫ్రేములు అందులో కలిస్తే గుండె గది ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. నిండినప్పుడు 150 మి.లీ., ముడిచినప్పుడు 60 మి.లీ. ఉంటే ఫ్రాక్షన్ 60 శాతం. ఆ 60 కాస్తా 69 అయితే 54కి పడిపోతుంది. మందు మార్చాలా అని డాక్టరు ఆలోచనలో పడేంత తేడా ఇది!

ఒకే మనిషికి, ఒకే కోతల్లో, పాత పద్ధతిలోనూ కొత్తదానిలోనూ తీసి పోల్చండి. కవాటాల అంచులు మసకబారితే వేగాన్ని 4 రెట్లకు దించండి. ఒక్కో ఫ్రేము 45 మిల్లీసెకన్లు దాటకూడదు. చేతులు ఫీల్డ్ ఆఫ్ వ్యూ (బొమ్మ తీసే పరిధి) బయటికి పోయి బొమ్మ మీదికి మడతపడుతున్నాయేమో కూడా చూడండి, శిక్షణలో ఎదురుపడని మడతను నెట్‌వర్క్ విప్పలేదు. లయ తప్పిన గుండెకైతే స్పందనలను కలిపి కుట్టే పద్ధతి మానేసి, ఒకే స్పందనలో తీసే రియల్‌టైమ్ స్కాన్‌కు వెళ్లండి. పాత రిపోర్టుతో పోల్చాల్సిన రోగికి మాత్రం అప్పటి పద్ధతే వాడండి.

ప్రశ్న: ఏఐ వచ్చాక గడోలినియం ఇంజెక్షన్ అక్కర్లేదా?

జవాబు: ఇంజెక్షన్ లేకుండా టి1 మ్యాపుల (కండరం అయస్కాంత స్పందన వేగాన్ని చుక్క చుక్కకూ కొలిచిన బొమ్మల) నుంచి మచ్చను లెక్కగట్టే ప్రయత్నాలు పరిశోధనలో ఉన్నాయి. మచ్చ ఉందో లేదో తేల్చి చెప్పాలంటే ఇప్పటికీ ఇంజెక్షనే దిక్కు.