నాగపూర్ నుంచి కమలాలు తేని కొడుకు

అమ్మాయీ,

నీ రెండు ఎపిసోడ్ల స్క్రిప్టు అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏకబిగిన, రెండోసారి పెన్సిలు పట్టుకుని. "మాస్టారూ, గూఢచారి సిరీస్‌ను జనం కూర్చుని చూడాలంటే అందులో ఏం ఉండాలి?" అని ఉత్తరం చివర అడిగావు. దానికి జవాబు నీ స్క్రిప్టులోనే ఉంది, ముప్పై ఒకటో పేజీలో.

మొదటి పేజీలో ఇస్తాంబుల్ మేడల మీద పరుగులు పెట్టించావు. రెండు పిస్తోళ్లు, ఒక హెలికాప్టర్. రాయడం బాగానే రాశావు. కానీ చదువుతున్నంతసేపూ నీ కథానాయకుడికి ఏమవుతుందోనన్న భయం నాకు కలగలేదు. అతను ఎవరో, పోతే ఎవరు ఏడుస్తారో నాకు ఇంకా తెలియదు కదా. ముప్పై ఒకటో పేజీలో అతను ఇంటికి వస్తాడు. ఆడిట్ పని మీద నాగపూర్ వెళ్తున్నానని చెప్పి వెళ్లినవాడు. తల్లి అతని సంచిలోంచి మాసిన బట్టలు తీస్తూ, "నాగపూర్ దాకా వెళ్లి కమలాలు తేలేదేమిరా?" అంటుంది. "తొందరలో మరిచిపోయానమ్మా" అంటాడు. ఆవిడ ఇంకేమీ అనదు. చొక్కాను ఒకసారి వాసన చూసి బకెట్లో వేస్తుంది.

నా పెన్సిలు అక్కడ ఆగిపోయింది. ఇస్తాంబుల్‌లో ఇరవైమంది తుపాకులతో తరిమినా దొరకనివాడు ఇంట్లో ఒక ముసలావిడకు దొరికిపోయాడు. ఆవిడకు దొరికిపోయానని అతనికి తెలుసా? ఆవిడ ఎందుకు అడగలేదు? ఎప్పుడు అడుగుతుంది? నేను తర్వాతి ఎపిసోడ్ కోసం ఎదురుచూసేది ఆ సంగతి తెలుసుకోవడానికే, హెలికాప్టర్ ఎటు పోయిందో తెలుసుకోవడానికి కాదు.

గూఢచారికి మన పాత మాట వేగు. కావ్యాల్లో రాజులు వేగులవారిని పంపుతారు. ఇంట్లో మనం రోజూ వాడే వేగడం వేరే మాట. "ఈ మనిషితో వేగలేకపోతున్నాను" అంటాం. రెండు మాటలకూ అర్థాలు వేరైనా, ఇలాంటి కథ రాయడానికి కూర్చున్నప్పుడల్లా నాకు అవి పక్కపక్కనే వినిపిస్తాయి. శత్రుదేశంలో వేగుగా ఉండడం ఒక కష్టం. అబద్ధంతో ఇంట్లో వేగడం అంతకు మించిన కష్టం. రెండోది చూపించిన సిరీస్‌లే ఏళ్లు గడిచినా నిలబడ్డాయి.

నువ్వు 'ది అమెరికన్స్' చూశానన్నావు. మళ్లీ చూడు. ఈసారి కథను వదిలేసి ఒక్క పెన్నును పట్టుకుని చూడు. 2013 నుంచి 2018 వరకు ఆరు సీజన్లు, 75 ఎపిసోడ్లు వచ్చిన సిరీస్ అది. ఫిలిప్, ఎలిజబెత్ సోవియట్ గూఢచారులు. వాషింగ్టన్ శివారులో ట్రావెల్ ఏజెన్సీ నడుపుతూ, అమెరికన్ దంపతుల్లా ఇద్దరు పిల్లల్ని పెంచుతుంటారు. ఫిలిప్ విగ్గు, కళ్లద్దాలు పెట్టుకుని క్లార్క్ అనే మారుపేరుతో మార్తా అనే ఆమెను పెళ్లి చేసుకుంటాడు. ఆమె ఎఫ్‌బీఐలో ఒక అధికారి దగ్గర సెక్రటరీ. మొదటి సీజన్ చివర, భర్త మీది నమ్మకంతో, మాటలు వినే యంత్రం దాచిన పెన్నును ఆమె తన పై అధికారి గదిలో పెడుతుంది. చూసేవాళ్లకు అది అప్పటికి చిన్న విజయం. మూడో సీజన్లో ఆ పెన్ను బయటపడుతుంది. మార్తాను కాపాడడానికి ఫిలిప్ ఆ ఆఫీసులో కంప్యూటర్ల పని చూసుకునే ఒక అమాయకుణ్ని చంపి, ఆత్మహత్యలా కనిపించేట్టు చేసి, నేరం అతని మీదికి నెడతాడు. నాలుగో సీజన్లో మార్తా దేశం విడిచిపోవాల్సి వస్తుంది. ఐదో సీజన్లో ఆమె మాస్కోలో, భాష రాని ఊళ్లో, ఒంటరిగా బతుకుతూ కనిపిస్తుంది. ఒక పెన్ను ఒక ప్రాణం తీసి, ఒక ఆడమనిషి బతుకును వేళ్లతో సహా పెకలించి మరో దేశంలో పడేసింది. ఇంత చెప్పడానికి రచయితలకు నాలుగేళ్లు పట్టింది.

అందులో ఒక చోట క్లార్క్ ఆమె ఎదుట నిలబడి, మాటా పలుకూ లేకుండా కళ్లద్దాలు తీస్తాడు. తర్వాత విగ్గు తీస్తాడు. నా లెక్కలో ఆ సిరీస్ మొత్తంలో అంత భయం పుట్టించే ఘట్టం ఇంకోటి లేదు. తాను కాపురం చేసిన మనిషి ముఖాన్ని ఆమె మొదటిసారి చూస్తోంది.

సినిమాకు లేని బలం సిరీస్‌కు ఇక్కడే ఉంది. రెండున్నర గంటల సినిమాలో అబద్ధం చెప్పవచ్చు, అది పట్టుబడవచ్చు. ఆ అబద్ధానికి వడ్డీ పెరగడం మాత్రం చూపించలేం. నీ చేతిలో ఎనిమిది ఎపిసోడ్లు ఉన్నాయి. మొదటి ఎపిసోడ్‌లో చేసిన అప్పును ఆరో ఎపిసోడ్‌లో ఎవరు తీరుస్తున్నారో చూసుకో. చాలావరకు చేసినవాడు తీర్చడు, పక్కవాడు తీరుస్తాడు.

ఈ సిరీస్‌ను సృష్టించిన జో వైస్‌బర్గ్ అంతకుముందు సీఐఏలో పనిచేశాడు. 2010 జూన్‌లో అమెరికాలో పదిమంది రష్యన్ గూఢచారులు పట్టుబడ్డారు. మామూలు ఇళ్లలో, మామూలు ఉద్యోగాలతో, కొందరు పిల్లాపాపలతో ఉన్నవాళ్లు. తల్లిదండ్రులు రష్యన్లని తమకు తెలియనే తెలియదని వాళ్లలో ఒక దంపతుల పిల్లలు తర్వాత చెప్పారు. సిరీస్‌కు బీజం పడింది అక్కడే, కాలాన్ని మాత్రం 1980ల్లోకి జరిపారు. అరెస్టుల వార్త చదివినవాళ్లు లక్షలమంది ఉంటారు. ఆ పిల్లలు ఆ రాత్రి ఏమనుకుని ఉంటారని ఆలోచించినవాడికి 75 ఎపిసోడ్ల కథ దొరికింది. మూడో సీజన్లో కూతురు పెయిజ్ నిలదీసినప్పుడు ఆ తల్లిదండ్రులు నిజం చెప్పేది ఎక్కడో గుర్తుందా? వంటింట్లో, బల్ల దగ్గర కూర్చుని.

ఇక నీ రెండో ఎపిసోడ్‌లో ఒక తప్పు ఉంది, మొహమాటం లేకుండా చెబుతాను. ఎవరో ఒక మనిషి ఫోన్ చేసి రహస్యం చెబుతాడు, నీ కథలోని గూఢచారి శాఖ అధిపతి వెంటనే దళాన్ని పంపేస్తాడు. వేగు తెచ్చిన మాటను అంత సులువుగా ఎవరూ నమ్మరు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో గూఢచారులను వేషాలవారీగా చెప్పాడు: బతుకుదెరువు పోయిన గృహస్థు, వర్తకుడు, తాపసి, భిక్షుకి, ఇంకా ఎందరో. ఒకరికొకరు తెలియని ముగ్గురు చెప్పింది ఒక్కటైతేనే నమ్మమన్నాడు. అంత పాత శాస్త్రానికి ఉన్న అనుమానం నీ అధిపతికి లేకపోతే ఎలా? నమ్మాలా వద్దా అని నలుగురు గదిలో కూర్చుని తేల్చుకోలేని ఆ అరగంట రాయి. మాట తెచ్చినవాడు అక్కడ దొరికిపోయే లోపు వీళ్లు ఇక్కడ తేల్చుకోవాలి. ఏ కారు ఛేజింగూ పుట్టించలేని బిగువు దాంట్లో ఉంది.

గదిలో కూర్చున్న నలుగురంటే గుర్తొచ్చింది. 1979లో బీబీసీ ప్రసారం చేసిన 'టింకర్ టైలర్ సోల్జర్ స్పై' ఏడు ఎపిసోడ్లే. దాని మొదటి దృశ్యాన్ని శబ్దం తగ్గించి కూడా చూడు. నలుగురు అధికారులు ఒక్కొక్కరే మీటింగు గదిలోకి వస్తారు. ఒకరు ఫైళ్లు సర్దుకుంటారు, ఒకరి చేతిలో సిగరెట్టు, ఒకరి నోట్లో పైపు. ఆఖరున వచ్చిన మనిషి టీ కప్పు మీద సాసరును మూతలా పెట్టి తెచ్చుకుంటాడు. ఎవరూ ఎవరినీ పలకరించరు. అందరూ కూర్చున్నాక ఇక మొదలుపెడదామని ఒక్క మాట, అంతే. ఆ నలుగురిలో ఒకడు ఏళ్ల తరబడి మాస్కోకు పనిచేస్తున్న ద్రోహి అని తర్వాత మనకు తెలుస్తుంది. తెలిశాక వెనక్కి వెళ్లి ఆ దృశ్యం మళ్లీ చూస్తే ప్రతి చూపూ, ప్రతి కదలికా వేరుగా కనిపిస్తాయి. పాత్రను మాటలతో పరిచయం చేయకుండా, టీ కప్పు పట్టుకునే తీరుతో పరిచయం చేయడం అక్కడ నేర్చుకోవచ్చు. ద్రోహిని వెతికే స్మైలీగా అలెక్ గిన్నెస్ చేసే పనల్లా చాలావరకు వినడం, టై కొసతో కళ్లద్దాలు తుడుచుకోవడం. ఎదుటివాళ్లు ఆ మౌనాన్ని భరించలేక మాట్లాడేస్తారు.

ఆ కథ వెనక కిమ్ ఫిల్బీ ఉదంతం ఉంది. బ్రిటిష్ గూఢచారి శాఖలో పెద్ద స్థానాల్లో ఉంటూ సోవియట్లకు పనిచేసిన అతను 1963 జనవరిలో బేరూత్ నుంచి మాస్కోకు పారిపోయాడు. పారిపోయే ముందు అతన్ని నిలదీయడానికి లండన్ పంపింది ఎవరినో తెలుసా? అతని పాత స్నేహితుడు నికొలాస్ ఎలియట్‌ను. ఏళ్ల తరబడి అతన్ని నమ్మి, వెనకేసుకొచ్చిన మనిషిని. ద్రోహం దేశానికి జరిగిందని మనం వార్తల్లో చదువుతాం. కానీ ఆ గదిలో, ఎదురెదురుగా కూర్చున్నప్పుడు, అది ఒక స్నేహితుడికి జరిగింది. నీ స్క్రిప్టులో ద్రోహి ఉన్నాడు, చాలా తెలివైనవాడు. కానీ అతను ఎవరి స్నేహితుడు? ఎవరి పెళ్లికి వెళ్లాడు? అది లేకపోతే అతను బయటపడినప్పుడు చూసేవాళ్లు ఆశ్చర్యపోతారు, ఆ తర్వాత టీ తాగడానికి లేస్తారు.

మలుపుల గురించి ఎక్కువ బెంగ పెట్టుకోకు. ఫ్రెంచి వాళ్ల 'లె బ్యూరో' ఐదు సీజన్లు నడిచింది, మొత్తం 50 ఎపిసోడ్లు. అదంతా కదిలేది ఒకే ఒక్క బలహీనత మీద. డమాస్కస్‌లో ఆరేళ్లు పాల్ లెఫెవ్ర్ అనే మారుపేరుతో ఉన్న అధికారి పారిస్‌కు తిరిగి వస్తాడు. ఆ పేరును అక్కడితో వదిలేయాలన్నది నియమం. అక్కడ ప్రేమించిన స్త్రీ పారిస్‌కు వస్తోందని తెలిసి, అతను ఆ పేరును మళ్లీ తొడుక్కుంటాడు. అంతే. మిగిలినదంతా దాని పర్యవసానం. మనసుకు అర్థమయ్యే ఒక తప్పు చేయించు, ఆ తప్పే నీకు మలుపులన్నీ తెచ్చిపెడుతుంది.

మన దగ్గరికి వస్తే 'ది ఫ్యామిలీ మ్యాన్' తీసిన రాజ్, డీకే ఇద్దరూ మన చిత్తూరు సీమవాళ్లు, తిరుపతిలో ఇంజినీరింగ్ చదివినవాళ్లు. 2019లో వచ్చిన మొదటి సీజన్ పేరులోనే ఇల్లు ఉంది. రెండో సీజన్లో కథానాయకుడు శ్రీకాంత్ తివారీ గూఢచారి పని మానేసి సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరతాడు. ఇంట్లో మాత్రం దూరం తగ్గదు. తండ్రితో మాటలు తెగిన కూతురికి ఒక కుర్రాడు దగ్గరవుతాడు, అతన్ని పంపింది శత్రువు. ఇంట్లో పడిన బీటలోంచే శత్రువు లోపలికి వచ్చాడు. ఆ సిరీస్‌లో నన్ను బాగా పట్టుకున్నది ఆ కల్పనే. పోరాటాలు బాగున్నాయి, నాకు గుర్తున్నవి మాత్రం తక్కువ.

ఇంకొన్ని త్వరగా చెప్పేస్తాను. కంప్యూటర్ తెర మీద ఎర్ర అక్షరాలు మెరవగానే లోకంలోని రహస్యాలన్నీ దొరికిపోయే దృశ్యం తీసేయి. శత్రువుకు తన తరఫున మంచి కారణం ఇవ్వు, అతని నోట అది వింటున్నప్పుడు ఒక నిమిషమైనా మనం తల ఊపాలి. దేశభక్తి ప్రసంగాలు రెండున్నాయి, రెండూ కొట్టేశాను. ప్రాణం పెట్టి పనిచేసేవాడు దాని గురించి ప్రసంగించడు. గూఢచారి శాఖలో కూడా సెలవు చీటీలు, ప్రయాణ ఖర్చుల బిల్లులు, ప్రమోషను రాని కోపాలు ఉంటాయి, వాటిని రానివ్వు.

ముప్పై ఏళ్ల కిందట ఒక వారపత్రికకు పదహారు వారాల గూఢచారి సీరియల్ రాశాను. ప్రతి వారం చివర ఒక తుపాకీ పేలేది. పత్రిక బాగానే అమ్ముడుపోయింది. సీరియల్ అయిపోయాక ఒకావిడ దగ్గర నుంచి కార్డు వచ్చింది. "మొదటి వారంలో అతను భార్యకు రెండు రోజుల్లో వస్తానని చెప్పి వెళ్లాడు. పదహారు వారాలూ ఆమె ఏం చేసిందో మీరు రాయలేదు" అని. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. ఆ పదహారు వారాల్లో ఆమెకు నేను ఒక పేరు కూడా పెట్టలేదు. నీ తల్లి పాత్ర సంచి విప్పుతుంటే నాకు ఆ కార్డే గుర్తొచ్చింది.

కాబట్టి ఇస్తాంబుల్‌ను వెనక్కి జరిపి, కథను ఆ సంచి దగ్గర మొదలుపెట్టు. అతను ఎక్కడి నుంచి వచ్చాడో మనకు అప్పుడే తెలియనక్కర్లేదు. తల్లికి తెలిసినంతే మనకూ తెలియాలి: కమలాలు లేవు, చొక్కాకు తెలియని వాసన ఏదో ఉంది.

మూడో ఎపిసోడ్‌లో అతను మళ్లీ "నాగపూర్" వెళ్తాడని రాశావు. ఈసారి తిరిగి వచ్చేటప్పుడు ఇంటి సందు మొదట్లో, తోపుడు బండి దగ్గర ఆగి రెండు కిలోల కమలాలు కొంటాడనుకో. రోజూ అదే బండి దగ్గర పళ్లు కొనేది ఆవిడే. మర్నాడు ఉదయం ఆవిడ బేరానికి వెళ్లినప్పుడు బండివాడు, "రాత్రి మీ అబ్బాయి వచ్చి తీసుకెళ్లాడు కదమ్మా" అంటాడు. ఆవిడ ఇంటికి వచ్చాక ఏం చేస్తుందో రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు