ర్యాప్ పుట్టిల్లు ఏది?

ప్రశ్న: అన్నా, హాస్టల్లో నేను ర్యాప్ పెడితే మా రూమ్మేట్ "ఇదేం పాట, వట్టి మాటలు" అంటాడు. మా తాతకు వినిపిస్తే "మన ఒగ్గుకథ లాగే ఉంది కదరా" అన్నాడు. మళ్లీ ఆర్ అండ్ బీ అని ఇంకోటి ఉందంటున్నారు. రెండూ ఒకటేనా?
– ఒక డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఒకటి కాదు తమ్ముడూ, కానీ ఆర్ అండ్ బీ లేకపోతే హిప్‌హాప్, అంటే ర్యాప్ పుట్టిన సంగీతం, లేదు. అమెరికా దక్షిణాది పత్తి చేలు వదిలి చికాగో, డెట్రాయిట్ లాంటి నగరాలకు పనుల కోసం పోయిన నల్లజాతి జనం తమ కష్టాలు చెప్పుకునే బ్లూస్ పాటను వెంట తీసుకుపోతే, 1940లలో దానికి సాక్సోఫోన్, ఎలక్ట్రిక్ గిటార్, గట్టి డ్రమ్ము తోడై రిథమ్ అండ్ బ్లూస్, అంటే ఆర్ అండ్ బీ, అయింది. అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ అంతకుముందు ఆ పాటల పట్టికకు 'రేస్ రికార్డ్స్' అని పేరు పెట్టింది, అంటే పాటకు కూడా జాతి ముద్ర కొట్టారన్నమాట! 1949లో ఆ పేరును 'రిథమ్ అండ్ బ్లూస్' అని మార్చారు. తర్వాత గాయకుడు రే చార్ల్స్ చర్చి పాటల ఊపు కలిపాడు, మరో గాయకుడు జేమ్స్ బ్రౌన్ వచ్చేసరికి రాగం కంటే తాళానిదే పెత్తనం అయింది.

అసలు మలుపు అక్కడే ఉంది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు అపార్ట్‌మెంట్‌లో, బడి తెరిచేలోపు కొత్త బట్టలకు డబ్బులు కావాలని సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి పార్టీ పెట్టింది. రికార్డులు వేసింది జమైకాలో పుట్టిన ఆమె అన్న క్లైవ్, డీజే కూల్ హెర్క్ అంటే ఇతనే. పాట మధ్యలో గొంతు ఆగిపోయి ఒట్టి డ్రమ్ము మోగే కొద్ది సెకన్ల కోసమే కుర్రాళ్లు కాచుకుని ఉండి ఎగురుతున్నారని అతను పట్టేశాడు. అందుకే ఒకే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ల (రికార్డు తిప్పే యంత్రాల) మీద పెట్టి, ఒకదాంట్లో ఆ ముక్క అయిపోగానే రెండోదాంట్లో మొదలుపెట్టి, ఇది తిరగేలోపు దాన్ని వెనక్కి తిప్పి, ఆ కొద్ది సెకన్లను నిమిషాల తరబడి సాగదీశాడు. చాలావరకు జేమ్స్ బ్రౌన్ లాంటివాళ్ల రికార్డులే అవి. బ్రౌన్ పాట 'ఫంకీ డ్రమ్మర్'లో డ్రమ్ము వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ దరువును తర్వాత ఎందరో ర్యాపర్లు వాడుకున్నారు, ఆయనకు మాత్రం రాయల్టీ రాలేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మీ తాత చెవిని మెచ్చుకోవాలి. ఒగ్గుకథలో కథకుడు లయ తప్పకుండా చెప్పుకుంటూ పోతే పక్కవాళ్లు వంత అందుకుంటారు, డోలు మాట వెంటే నడుస్తుంది. పోలిక నిజమే, చుట్టరికం మాత్రం లేదు. ర్యాప్ మాటకు వేర్లు నల్లజాతి రేడియో డీజేల ప్రాసల్లో, జమైకాలో సౌండ్ బాక్సుల ముందు మైకు పట్టుకుని చెప్పే 'టోస్టింగ్'లో కనిపిస్తాయి.

ఇక "వట్టి మాటలు" అన్న మీ రూమ్మేట్‌కు గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం 1982లో తెచ్చిన 'ద మెసేజ్' వినిపించు. పార్టీ హుషారు పక్కనపెట్టి, తమ వాడలో బతుకు ఎంత ఇరుకో చెప్పిన పాట అది.

ప్రశ్న: హిప్‌హాప్, ఆర్ అండ్ బీ రెండూ కలిసిన పాటలు ఎక్కడ మొదలుపెట్టాలి?
– కాజీపేట పాఠకురాలు

జవాబు: గాయని మేరీ జె. బ్లైజ్ 1992 ఆల్బమ్ 'వాట్స్ ద 411?' వినమ్మా. కింద హిప్‌హాప్ దరువు, పైన ఆర్ అండ్ బీ గొంతు. అది నచ్చితే వెనక్కి పాత తరం గాయని అరీతా ఫ్రాంక్లిన్ దాకా పోవచ్చు.