నాలుగు రోజుల్లో తైవాన్ చుట్టి రావచ్చా?

మీరు అడిగింది ఇది: నవంబరులో తైపేలో ఆఫీసు పని ముగిశాక నాలుగు రోజులు ఖాళీ ఉంది. అరవై దాటిన అమ్మానాన్నలు హైదరాబాదు నుంచి వచ్చి కలుస్తారు, ఇద్దరూ శాకాహారులు. రైల్లో ద్వీపమంతా చుట్టి రావాలని ఉంది, వీలవుతుందా?

వీలవుతుంది గానీ నేను వద్దంటాను. తైవాన్‌లోనే షించూ అనే ఊళ్లో చదువుకునే రోజుల్లో సెలవు దొరికితే చాలు రైలెక్కేవాడిని, కాబట్టి ఈ లెక్క నాకు కొంచెం తెలుసు.

పటంలో తైవాన్ చింతగింజంత కనిపిస్తుంది. నిజానికి ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 400 కిలోమీటర్లు. నడుమ అంతా కొండలే. 3,000 మీటర్లు దాటిన శిఖరాలే 200కు పైగా ఉన్నాయి. అన్నిటికన్నా ఎత్తయిన యూషాన్ 3,952 మీటర్లు. అందుకే పడమటి తీరం నుంచి తూర్పు తీరానికి ద్వీపం నడిమి నుంచి పోయే రైలు లేదు, ఉత్తరం నుంచో దక్షిణం నుంచో చుట్టూ తిరిగి పోవాలి. 2007లో మొదలైన హైస్పీడ్ రైలు పడమటి మైదానంలో మాత్రమే నడుస్తుంది. తైపే నుంచి తూర్పు తీరంలోని హువాలియన్‌కు మామూలు రైల్వేవారి వేగం బండిలో రెండు నుంచి రెండున్నర గంటలు, అక్కడి నుంచి తైతుంగ్‌కు సుమారు రెండు, తైతుంగ్ నుంచి నైరుతిన ఉన్న కావోష్యుంగ్‌కు మరో రెండు, అక్కడి నుంచి హైస్పీడులో తైపేకి ఇంకో రెండు. ఎనిమిది గంటలే కదా అనిపిస్తుంది. కానీ రోజుకో హోటలు ఖాళీ చేయడం, పెట్టెలు ఈడ్చుకుంటూ స్టేషనుకు చేరడం, గది ఇచ్చే వేళ దాకా ఎక్కడో కూర్చోవడం ఈ లెక్కలోకి రావు. మీ ఒక్కరికైతే ఇదంతా సరదానే. పెద్దవాళ్లకు మాత్రం మూడో రోజుకే విసుగు వస్తుంది.

పైగా అందరూ తూర్పుకు వెళ్లేది ముఖ్యంగా తారోకో లోయ కోసం. 2024 ఏప్రిల్ 3న వచ్చిన భూకంపంలో ఆ లోయ బాగా దెబ్బతింది. కొండచరియలు విరిగిపడి నడకదారులు చాలావరకు మూతపడ్డాయి. అటు వెళ్లాలనుకుంటే ఏవి తెరిచారో జాతీయ ఉద్యానవనం వెబ్‌సైటులో చూశాకే గది తీసుకోండి.

నేనైతే రెండు ఊళ్లలోనే ఉంటాను. మొదటి రెండు రాత్రులు తైపే, తరువాత దక్షిణాన ఉన్న తైనాన్.

తైపేలో లోంగ్‌షాన్ గుడి, తైపే 101 చాలు. ఆ భవనం పైకి లిఫ్టు ఉంది గానీ దాన్ని చూడడానికి అందరూ ఎక్కే ఏనుగు కొండకు మాత్రం అన్నీ మెట్లే, మోకాళ్ల నొప్పులుంటే వదిలేయండి. మెట్రోలో మంచినీళ్లు తాగినా జరిమానా వేస్తారు, ఆ సంగతి అమ్మానాన్నలకు ముందే చెప్పండి. రెండో రోజు జియుఫెన్. రుయ్‌ఫాంగ్ దాకా రైలు, అక్కడి నుంచి కొండపైకి బస్సు. ఒకప్పటి బంగారు గనుల ఊరు అది. సాయంత్రం ఎర్ర దీపాలు వెలిగే వేళకు జనం కిక్కిరిసిపోతారు, అందుకని పనిదినాన ఉదయమే వెళ్లి మధ్యాహ్నానికి దిగిపోవడం మేలు.

తైనాన్‌ను ఎంచుకోవడానికి కారణం నా ఇష్టం ఒక్కటే కాదు. నవంబరులో తైపేలో ఈశాన్య గాలులతో ముసురు పట్టవచ్చు, దక్షిణాన అప్పటికి ఎండ కాస్తుంటుంది. నేల చదును కాబట్టి నడక తేలిక. 1624లో డచ్చివారు వచ్చి కోట కట్టుకున్నది అక్కడి ఆన్‌పింగ్‌లోనే. 1662లో చైనా సేనాని కోక్సింగా వారిని వెళ్లగొట్టాడు. ఆ కోటకు దగ్గరలోనే ఒక పాత గిడ్డంగిని మర్రి ఊడలు గోడలతో సహా మింగేశాయి. నాకు కోటకన్నా అదే నచ్చింది. 1665 నాటి కన్ఫ్యూషియస్ ఆలయంలో చెట్ల కింద ఒక పూట గడిచిపోతుంది.

తైపే నుంచి తైనాన్‌కు హైస్పీడులో సుమారు గంటా ముప్పావు. టికెట్టు 1,350 తైవాన్ డాలర్లు. విదేశీయులకు మూడు రోజుల పాసు ఉంది, రానుపోను టికెట్ల కంటే చవక. హైస్పీడ్ స్టేషను ఊరికి దూరం. పక్కనే షాలున్ స్టేషనులో లోకల్ రైలెక్కితే అరగంటలోపు ఊళ్లో ఉంటారు. చివరి రోజు మళ్లీ తైపేకి వెళ్లనక్కర లేదు. తావోయువాన్ హైస్పీడ్ స్టేషనులో దిగితే విమానాశ్రయానికి మెట్రోలో ఇరవై నిమిషాలే. అన్ని బండ్లూ అక్కడ ఆగవు, చూసి ఎక్కండి.

ఇక తిండి. ఈ విషయంలో చుట్టుపక్కల దేశాలకన్నా తైవాన్ వెయ్యి రెట్లు నయం. బౌద్ధుల శాకాహార హోటళ్లు ప్రతి ఊళ్లో ఉంటాయి, చాలా బోర్డుల మీద స్వస్తిక్ గుర్తు కనిపిస్తుంది. కావలసిన కూరలు పళ్లెంలో పెట్టుకుంటే తూచి డబ్బు తీసుకునే చోట్లు మనవాళ్లకు బాగా కలిసొస్తాయి. వీటిలో చాలావాటిలో ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు, కార్తీక మాసమని మీ అమ్మగారు బెంగపడాల్సిన పనిలేదు. అచ్చం మాంసంలా కనిపించే సోయా ముక్కలను చూసి మాత్రం ఉలిక్కిపడతారు. కారం ఉండదు, ఆవకాయ సీసా తెచ్చుకోమనండి. ఇలాంటి హోటళ్లు మధ్యాహ్నం మూసి, రాత్రి కూడా పెందరాళే కట్టేస్తాయి, కాబట్టి ఏడింటికల్లా భోజనం ముగించండి. రాత్రి బజార్లలో శాకాహారులకు దొరికేది తక్కువ. చిలగడదుంప ఉండలు, పండ్లు, పాల టీ. అక్కడి ప్రసిద్ధమైన కంపు టోఫూ వాసన మీ నాన్నగారు భరించగలిగితే నేను మెచ్చుకుంటాను.

వీసా సంగతి. పిల్లల పుణ్యమా అని మన పెద్దవాళ్లలో చాలామందికి అమెరికా వీసా ఉంటుంది. అది చెల్లుబాటులో ఉన్నా, గడువు తీరి పదేళ్లు దాటకపోయినా, భారతీయులు ఆన్‌లైన్‌లో ఉచితంగా ప్రయాణ అనుమతి పత్రం తీసుకోవచ్చు. బ్రిటన్, కెనడా, షెంగెన్, జపాన్ వీసాలకూ ఇదే వెసులుబాటు. మిగతా షరతులు దరఖాస్తులోనే ఉంటాయి. ఇవేవీ లేకపోతే చెన్నైలోని తైపే ఆర్థిక, సాంస్కృతిక కేంద్రానికి ముందుగానే దరఖాస్తు చేయాలి.

ఇంత చెప్పినా చుట్టే రావాలనుంటే, తూర్పు తీరం టికెట్లు 28 రోజుల ముందు అమ్మకానికి పెడతారు, ఆ రోజే కొనేయండి. శని, ఆదివారాలవి చూస్తుండగానే అయిపోతాయి. తైపే నుంచి హువాలియన్ వైపు వెళ్లేటప్పుడు సముద్రం ఎడమ చేతి వైపు వస్తుంది. అమ్మగారికి ఆ కిటికీ ఇవ్వండి.