యూరప్‌లో ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్ జీవితమంతా ఏం పరిశోధిస్తారు?
గెర్హార్డ్ ఎర్టల్ గారినే తీసుకోండి. 1936లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో పుట్టారు, హానోవర్, మ్యూనిక్‌లలో ప్రొఫెసర్‌గా చేసి, 1986 నుంచి 2004లో రిటైరయ్యేదాకా బెర్లిన్‌లోని ఫ్రిట్జ్ హేబర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశారు. మన పొలాల్లో చల్లే యూరియాకు అమ్మోనియా కావాలి కదా, దాన్ని నైట్రోజన్, హైడ్రోజన్ కలిపి, ఇనుము ఉత్ప్రేరకం (రసాయన చర్యను వేగంగా జరిపించే పదార్థం) మీద 1913 నుంచే ఫ్యాక్టరీలో తయారుచేస్తున్నారు, కానీ ఆ ఇనుము మీద అసలేం జరుగుతోందో దశాబ్దాలపాటు తేలలేదు. ఎర్టల్ గాలి దాదాపు లేని పాత్రలో శుభ్రమైన ఇనుప స్ఫటికం పెట్టి, దాని మీదికి నైట్రోజన్ వదిలి చూశారు. ముందు అణువు రెండు పరమాణువులుగా విడిపోతుందని, తర్వాతే హైడ్రోజన్ ఒక్కొక్కటిగా వచ్చి చేరుతుందని తేల్చారు. ఆ ఓపికే నాకు గొప్పగా అనిపిస్తుంది. 2007లో, రిటైరైన మూడేళ్లకు, సరిగ్గా 71వ పుట్టినరోజునే ఆయనకు నోబెల్ ప్రకటించారు.