ఎన్‌బీసీలో బాక్సింగ్: డబ్బు ఎవరు ఎవరికి కట్టారు?

బ్రదర్, "2015లో బాక్సింగ్ ఫ్రీ టీవీకి తిరిగొచ్చింది కదా, మరి నా కాలేజీ పేపర్లో ఆ షోల ఆదాయం, ఖర్చుల లెక్క ఎందుకు కుదరడం లేదు" అని అడిగారు. అమెరికన్ టీవీ ఛానెల్ ఎన్‌బీసీ ప్రసార హక్కులు కొనుక్కుందని మీరు అనుకోవడం వల్లే ఆ చిక్కు. జరిగింది రివర్స్. అల్ హేమన్ మొదలుపెట్టిన ప్రీమియర్ బాక్సింగ్ చాంపియన్స్ అనే బాక్సింగ్ పోటీల సంస్థ వాళ్లే ఛానెల్‌కి ఎదురు డబ్బు కట్టి టైమ్ కొన్నారు, మన ఛానెళ్లలో పొద్దున్నే ఆయుర్వేద మందుల వాళ్లు స్లాట్ కొనుక్కున్నట్టు. కాబట్టి ఛానెల్ ఫీజుని ఆదాయంలోంచి తీసేసి ఖర్చులో వేయండి, ఫైటర్ల పారితోషికం కూడా అక్కడే. ఆదాయం వైపు మిగిలేది యాడ్లు, స్పాన్సర్లు, గేట్ టికెట్లు. అవి చాలవు, ఇన్వెస్టర్ల డబ్బుతో నెట్టుకొచ్చారు.

లెక్క కాసేపు పక్కన పెడితే, వాళ్ల మొదటి షో 2015 మార్చి 7, లాస్ వెగాస్. ఫైటర్లు వెనక గుంపు లేకుండా ఒంటరిగా నడిచొచ్చారు, సంగీతం హాలీవుడ్ సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్‌ది. మెయిన్ ఫైట్‌లో తలలు ఢీకొని కీత్ థర్మన్ నుదురు బొప్పి కట్టినా, ప్రత్యర్థి రాబర్ట్ గెరెరోని తొమ్మిదో రౌండ్లో పడగొట్టి పాయింట్ల మీద గెలిచాడు. (చూడకపోతే చూడండి, పేపర్ సంగతి తర్వాత.)

ఫాక్స్ అనే ఇంకో అమెరికన్ ఛానెల్‌తో 2018లో కుదిరిన డీల్‌ని మాత్రం ఇందులో కలపకండి, అక్కడ ఛానెలే డబ్బిచ్చింది. దానికి వేరే కాలమ్ పెట్టండి.